ముందు రికార్డు, తర్వాతే బ్రష్: ఒక పాత సమాధుల తోటలో యువ వాలంటీర్లతో చేసిన పని

నేను రాతి కట్టడాల పరిరక్షణ పని చేస్తాను. పాత సమాధుల తోటల గురించి నాకొచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే రకంగా మొదలవుతాయి: "కుర్రాళ్లు ముందుకొచ్చారండీ, ఒక వారాంతంలో అంతా శుభ్రం చేయించేద్దాం." ఈ కేసు కూడా అలాగే మొదలైంది. ఇలాంటి చోట్ల యువతకు ఏ పని ఇవ్వాలన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. వాళ్లు చేయగలిగిన అన్నిటికన్నా విలువైన పని రాళ్లు కడగడం కాదు, వాటిని నమోదు చేయడం. అలా ఎందుకు అంటున్నానో ఈ తోటలో జరిగినది చెబితే తెలుస్తుంది.

తోట పెద్దదేం కాదు. కొన్ని వందల సమాధులు, చుట్టూ అక్కడక్కడా కూలిన ప్రహరీ. కొత్తగా ఎవరినీ పూడ్చడం ఆగిపోయి రెండు తరాలు దాటింది. నిర్వహణ ఒక చిన్న కమిటీ చేతిలో ఉంది, అందరూ పెద్దవాళ్లే. వాలంటీర్లలో హైస్కూల్ పిల్లలూ ఉన్నారు, కాలేజీ పిల్లలూ ఉన్నారు. కమిటీ కోరిక సూటిగా ఉంది: తోట వార్షికోత్సవానికి రాళ్లన్నీ తెల్లగా మెరవాలి.

రాళ్లు ఏ స్థితిలో ఉన్నాయి

నేను మొదట చూసేది రాయి రకం. పాత తోటల్లో రాళ్లు ఒక్కో కాలాన్ని బట్టి మారుతూ వస్తాయి. ఇక్కడ బాగా పాతవి పలకరాయి, ఇసుకరాయి. ఆ తర్వాతి కాలానివి పాలరాయి. చివరి వరుసల్లోవి గ్రానైట్. ఒక్కోటి ఒక్కో రకంగా పాడవుతుంది. పలకరాయి పొరలు పొరలుగా విడిపోతుంది. ఆ సందుల్లోకి నీరు దిగితే అక్షరాలున్న పై పొర మొత్తంగా ఊడి రావచ్చు. ఇసుకరాయిలో ఉప్పు చేరితే ఉపరితలం ఉబ్బి పెచ్చులుగా రాలుతుంది. పాలరాయి అంటే ప్రధానంగా కాల్సైట్ అనే ఖనిజం, అది ఆమ్లానికి కరుగుతుంది. ఏళ్ల తరబడి ఆమ్ల గుణమున్న వాన పడితే దాని పైభాగం పంచదార పలుకుల్లా తయారవుతుంది. వేలితో రాస్తే గింజలు చేతికి వస్తాయి. గ్రానైట్ మాత్రం దాదాపు అన్నిటినీ తట్టుకుంటుంది.

పాలరాయిలో సీసం పోసి అక్షరాలు పొదిగిన సమాధులు కొన్ని ఉన్నాయి. చేసిన రోజున ఆ సీసం రాయితో సమానంగా, నున్నగా ఉండేది. ఇప్పుడు అక్షరాలు పైకి పొడుచుకు వచ్చాయి. సీసం పెరగలేదు, చుట్టూ ఉన్న రాయి కరిగిపోయింది. మొదటి రోజు పిల్లలందరినీ ఆ రాయి దగ్గరకు తీసుకెళ్లి, ఆ ఎత్తును వేలితో తడిమి చూడమన్నాను. రాయి శాశ్వతం అనే నమ్మకం అక్కడే పోవాలి. అది పోతే తప్ప తర్వాత చెప్పే జాగ్రత్తలు ఎవరికీ ఎక్కవు.

ఇంతకుముందు ఎవరో మంచి మనసుతో చేసిన "సేవ" ఆనవాళ్లు కూడా ఉన్నాయి. ఒక వరుస మొత్తం బ్లీచ్‌తో కడిగారు. బ్లీచ్‌లోని సోడియం హైపోక్లోరైట్ నాచును చంపుతుంది, రాయిని తెల్లగా చూపిస్తుంది, కానీ తన వెనక ఉప్పును వదిలి వెళుతుంది. అది రాయి రంధ్రాల్లోకి దిగి, ఎండినప్పుడల్లా గడ్డకడుతూ లోపలి నుంచి నెడుతుంది. ఆ వరుసలో ఇసుకరాళ్ల ముఖాలు పొక్కులు లేచి ఉన్నాయి. ఇంకొన్నిటి మీద వైర్ బ్రష్ గీతలు, ఆ బ్రష్ నుంచి విరిగి రాతిలో ఇరుక్కున్న ఇనుప ముక్కల తుప్పు మచ్చలు. విరిగిన నాలుగైదు రాళ్లను పోర్ట్‌లాండ్ సిమెంట్‌తో అతికించారు. ఆ సిమెంట్ పాత రాయికన్నా గట్టిది, తేమను బయటకు పోనివ్వదు. దాంతో తేమ రాయి వైపునుంచే దారి వెతుక్కుంటుంది. అతుకు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది, దాని పక్కన రాయి పిండి అవుతోంది.

ఇవన్నీ చూపించి కమిటీకి ఒక్క మాట చెప్పాను: వార్షికోత్సవం నాటికి ఏ రాయీ తెల్లగా మెరవదు. ఆ మాట వాళ్లకు రుచించలేదు. ఒక పెద్దాయన, "పిల్లలు పని చేద్దామని వచ్చారు, వాళ్ల చేతిలో కాగితాలు పెట్టి కూర్చోబెడతారా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మాటల్లో కాక పనిలో చూపించాల్సి వచ్చింది.

నమోదు

కడగడం మొదలుపెడితే ఏ రాయైనా కొంత నష్టపోతుంది. ఎంత మెత్తని బ్రష్ అయినా అంతే. ఊడిపోయే స్థితిలో ఉన్న అక్షరం ఆ రోజే ఊడిపోవచ్చు. కాబట్టి రాయిని ముట్టుకునే ముందు అది ఎలా ఉందో రాసి, ఫోటో తీసి, కొలిచి పెట్టుకోవాలి. ఈ పనికి ఓపిక, మంచి కంటిచూపు, మోకాళ్ల మీద గంటలు గంటలు కూర్చోగల శరీరం కావాలి. ఇవి మూడూ కుర్రవాళ్ల దగ్గర ఉన్నాయి.

ముందు పటం గీశారు. తోటను గళ్లుగా విడగొట్టి, ప్రతి సమాధికీ నంబర్ ఇచ్చారు. నంబర్ రాయి మీద వేయకూడదు, పటంలోనే ఉండాలి. పెయింట్, చాక్, స్టిక్కర్ ఏదీ రాతిని తాకకూడదన్నది మా మొదటి నియమం. తర్వాత ప్రతి సమాధికీ ఒక ఫారం: రాయి రకం, ఎత్తు వెడల్పు మందం, ఏ దిక్కుకు వాలింది, ఎంత వాలింది, పగుళ్లు, పొరలు, పాత రిపేర్లు, మొక్కల వేళ్లు, ఆపైన రాతి మీద ఉన్న మాటలు.

పేర్లు, తేదీలు సేకరించి ఆన్‌లైన్‌లో పెట్టే పని ప్రపంచమంతటా జరుగుతోంది. ఫైండ్ ఎ గ్రేవ్, బిలియన్‌గ్రేవ్స్ లాంటి వేదికల్లో వాలంటీర్లు ఎక్కించిన ఫోటోలు కోట్లలో ఉన్నాయి. అది గొప్ప పనే. కాకపోతే అక్కడ దృష్టి అంతా చనిపోయిన మనిషి పేరు మీద ఉంటుంది. రాయి వెనక వైపు, అడుగు భాగం, పక్కన పడి ఉన్న ముక్క అందులోకి రావు. పరిరక్షణకు అవే కావాలి. మా ఫారంలో ప్రతి రాయికీ నాలుగు వైపులా ఫోటోలు, పక్కన కొలబద్ద తప్పనిసరి.

అరిగిపోయిన అక్షరాలు చదవడమే పిల్లలకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చింది. చాలామందికి తెలిసిన పద్ధతులు చాక్ రుద్దడం, పిండి చల్లడం, షేవింగ్ ఫోమ్ పూయడం. మూడూ వద్దు. పిండి సూక్ష్మజీవులకు ఆహారం. ఫోమ్‌లో స్టియరిక్ ఆమ్లం ఉంటుంది, కడిగినా రంధ్రాల్లో మిగిలిపోతుంది. చాక్ రుద్దితే గింజలు లేచిన రాయి మరింత అరుగుతుంది. వీటిలో ఏదీ లేకుండా వెలుగుతోనే చదవొచ్చు. ఎండ రాతి ముఖానికి ఎదురుగా పడితే అక్షరం కనబడదు, పక్కనుంచి ఏటవాలుగా రాసుకుంటూ వెళితే గుంటల్లో నీడ పడి అక్షరం లేచి వస్తుంది. నీడలో ఉన్న రాళ్లకు ఒకరు పొడవాటి అద్దం పట్టుకుని ఎండను మళ్లిస్తారు, ఇంకొకరు చదువుతారు, మూడో మనిషి రాస్తాడు. ఇలా రెండు జట్లు విడివిడిగా చదివాకే పాఠాన్ని ఖాయం చేశాం. 1కి 7కి, 3కి 8కి తేడా తెలియని చోట్లు చాలా వచ్చాయి. జట్ల మధ్య వాదన వస్తే రాజీ పడకూడదని, రెండు పాఠాలూ రాసి పెట్టాలని చెప్పాను. అనుమానం ఉన్న అక్షరం బ్రాకెట్‌లో, కనబడని అక్షరం చోట చుక్క. చెక్కినవాడు స్పెల్లింగ్ తప్పు చెక్కితే ఆ తప్పు అలాగే ఉండాలి.

అద్దానికీ లొంగని రెండు మూడు రాళ్లకు ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) అనే ఫోటో పద్ధతి వాడాం. కెమెరా కదలకుండా పెట్టి, వెలుగును వేర్వేరు కోణాల నుంచి వేస్తూ వరసగా ఫోటోలు తీస్తే, కంప్యూటర్‌లో ఆ వెలుగును మనకు కావలసిన వైపు తిప్పి చూడొచ్చు. దీనికి మూలమైన గణిత పద్ధతిని హెచ్‌పీ ల్యాబ్స్‌లో టామ్ మాల్జ్‌బెండర్ బృందం 2001లో ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి దాన్ని తనంతట తానే నేర్చుకుని మిగతావాళ్లకు నేర్పింది. ఒక పాలరాయి మీద నున్నగా తప్ప ఏమీ కనబడని చోట నాలుగు పంక్తులు తేలాయి.

నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో ముఖ్యమైనది ఆ తర్వాత జరిగింది. తోటలో కాలిబాట అంచుల్లో మోకాలి ఎత్తు కూడా లేని చిన్న రాళ్లు కొన్ని ఉన్నాయి. కొన్ని నిలబడి, కొన్ని పడిపోయి. అవి బాటకు హద్దురాళ్లని అందరూ అనుకునేవారు. గడ్డి కోయడానికి అడ్డొస్తున్నాయని వాటిని పీకి ఒక మూల పేర్చాలన్నది కమిటీ ఆలోచన. ఫారం నింపే పనిలో ఉన్న హైస్కూల్ పిల్లాడొకడు ఒక రాయికి పైభాగంలో రెండు అక్షరాలు చెక్కి ఉన్నాయని రాశాడు. ఇంకో రాయి మీద మరో రెండు. ఒక సాయంత్రం అందరూ కూర్చుని పటం మీద ఆ అక్షరాలను, దగ్గరలోని సమాధి రాళ్ల మీద పేర్లను పక్కపక్కన పెట్టి చూశారు. పొడి అక్షరాలు పేర్లతో సరిపోయాయి. అవి హద్దురాళ్లు కావు, పాదాల దగ్గర పాతే గుర్తురాళ్లు. పాత కాలంలో తల వైపు పేరున్న పెద్ద రాయి, కాళ్ల వైపు పొడి అక్షరాలతో చిన్న రాయి పెట్టే పద్ధతి చాలాచోట్ల ఉండేది. అంటే సమాధి ఎక్కడివరకు ఉందో చెప్పేది ఆ రాయే. అంతేకాదు, కొన్ని చిన్న రాళ్లకు తలవైపు జత లేదు. అక్కడ పెద్ద రాయి ఎప్పుడో పోయింది, మనిషి మాత్రం ఉన్నాడు.

వాటిని పీకేసి ఉంటే ఆ సమాచారం ఇక ఎప్పటికీ దొరికేది కాదు. కాగితాల పని గురించి అడిగిన పెద్దాయన ఆ రోజు పటం ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాతి వారం నుంచి ఆయనే ఖననాల పాత రిజిస్టర్ తీసుకొచ్చి, పిల్లల పక్కన కూర్చుని చదివి చెప్పడం మొదలుపెట్టారు.

భద్రత

దీని గురించి రాసేవాళ్లు తక్కువ, అందుకే గట్టిగా చెబుతాను. సమాధి రాయి బరువు చూసేవాళ్లకు అంచనాకు అందదు. పాలరాయి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు. 120 సెంటీమీటర్ల ఎత్తు, 60 వెడల్పు, 10 మందం ఉన్న మామూలు రాయి దాదాపు 195 కిలోలు తూగుతుంది. అది వాలి ఉన్నప్పుడు ఒక పిల్లవాడు చెయ్యి ఆనించి వంగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. వాలిన రాళ్లు పడి పిల్లలు చనిపోయిన ఘటనలు జరిగాయి.

కాబట్టి ఎవరినీ లోపలికి పంపే ముందు నేనూ, అనుభవమున్న మేస్త్రీ కలిసి ప్రతి రాయినీ చూసి, ప్రమాదకరమైన వాటి చుట్టూ తాడు కట్టాం. తాడు లోపలికి ఎవరూ వెళ్లరు, ఫోటో కోసమైనా సరే. రాయిని ఎత్తడం, నిలబెట్టడం, ఊపి చూడటం వాలంటీర్ల పని కాదు. మైనర్లకు తల్లిదండ్రుల సంతకం, చేతి తొడుగులు, మూసి ఉన్న బూట్లు, ఇద్దరికి తగ్గని జట్లు. పొదల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టి చూడటం. నేల గుంటపడిన చోట కాలు వేయకపోవడం, ఎందుకంటే కింద పాత సమాధి గది కూలి ఉండొచ్చు.

ఇంకో నియమం కూడా పెట్టాం. పని ఏ దశలో ఉన్నా, అందరికన్నా చిన్న వాలంటీర్ "ఆపండి" అంటే అందరూ ఆపాలి. కారణం తర్వాత చర్చిస్తాం. రాయి గింజలు రాలుతున్నా, పొర కదులుతున్నా ముందు కనబడేది దగ్గరగా కూర్చున్న మనిషికే. ఆ అధికారం ఇచ్చాక పిల్లల చూపే మారిపోయింది.

కడగడం

అప్పుడు గానీ బ్రష్ చేతికి ఇవ్వలేదు, అదీ కొన్ని రాళ్లకే. పొరలు లేచినవి, గింజలు రాలేవి, పగిలినవి జాబితాలోంచి తీసేశాం. మిగిలిన వాటిలోనూ అసలు కడగాలా అన్న ప్రశ్న ఉంది. 1964 నాటి వెనిస్ ఛార్టర్, ఆస్ట్రేలియాలో 1979లో వచ్చిన బుర్రా ఛార్టర్ ఈ రంగంలో అందరం తలవంచే పత్రాలు. అవసరమైనంత చేయాలి, వీలైనంత తక్కువ చేయాలి అన్నది బుర్రా ఛార్టర్ సూత్రం. రాయి పాతగా కనబడటం లోపం కాదు.

లైకెన్ సంగతి ఇక్కడే వచ్చింది. రాతి మీద బూడిద, నారింజ రంగుల్లో గుండ్రంగా పరుచుకునేది మురికి కాదు, ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి బతికే ప్రాణి. కొన్ని రకాలు ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగవు. బ్రిటన్‌లో చర్చి ఆవరణల్లోనే 700కు పైగా లైకెన్ రకాలు నమోదయ్యాయి. పక్క పొలాలు, గోడలు మారిపోయినా అక్కడ రాయి కదలకుండా ఉండటమే కారణం. కొన్ని లైకెన్లు రాతిని తొలుస్తాయి, నిజమే. కానీ లోపలికి పాతుకున్న దాన్ని పీకితే రాయి కూడా దాంతో వస్తుంది. అక్షరాలను పూర్తిగా మూసేసిన చోట తప్ప లైకెన్‌ను వదిలేయాలని నిర్ణయించాం. కాలేజీ పిల్లల్లో జీవశాస్త్రం చదివేవాళ్లు దాని ఫోటోలకు వేరే ఫైలు తెరిచారు.

ఎంచుకున్న రాళ్లకు పద్ధతి ఇది. ముందు కనబడని మూల చిన్న జాగాలో పరీక్ష. రాయిని మంచినీటితో బాగా తడపడం, ఆరనివ్వకుండా చూడటం. మెత్తని నైలాన్ లేదా సహజ కుచ్చు బ్రష్. కింద నుంచి పైకి రుద్దడం, ఎందుకంటే పైనుంచి మొదలుపెడితే కిందికి కారిన మురికి పొడిరాతిలో చారలు కడుతుంది. మందమైన నాచుకు చెక్క పుల్ల, లోహం వద్దు. ప్రెజర్ వాషర్ అసలే వద్దు. నీటితో పోని నాచుకు మాత్రం డీ/2 అనే జీవనాశక ద్రావణం వాడాం. అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ కింద పనిచేసే ఎన్‌సీపీటీటీ అనే సంస్థ సైనికుల సమాధి రాళ్ల మీద రకరకాల క్లీనర్లను పోల్చి చూసింది. రాతికి తక్కువ హానితో నాచును అదుపు చేసినవాటిలో ఇది ఒకటి. పూసిన వెంటనే పెద్ద మార్పు కనబడదు, వారాలు, నెలలు గడిచేకొద్దీ వానకు రాయి నెమ్మదిగా తేటపడుతుంది. ఆ ఎదురుచూపు ఎవరికైనా కష్టమే. వాలంటీర్లు ప్రతిసారీ అదే కోణంలో ఫోటో తీసుకుంటూ ఆ కష్టాన్ని ఓర్చుకున్నారు.

గడ్డి విషయంలో ఒక్కటి చెబితే చాలు. నైలాన్ తీగతో తిరిగే కట్టర్ పాలరాయి అడుగును కోసేస్తుంది. రాయి చుట్టూ జానెడు మేర చేత్తోనే కోయాలి. కలుపు మందుల్లోని లవణాలు కూడా రాతికి చేటు, కాబట్టి అవి వద్దు. రాళ్లకు అల్లుకున్న తీగలను లాగకుండా మొదలు దగ్గర కోసి వదిలేస్తే ఎండిపోయి వాటంతట అవే పట్టు వదులుతాయి.

రిపేర్లు

విరిగిన రాళ్ల పని మేస్త్రీది, నాది. సిమెంట్ అతుకుల్లో రాయిని చీల్చకుండా తీయగలిగినవి తీసి, సున్నపు గచ్చుతో మళ్లీ పెట్టాం. సున్నం రాయికన్నా మెత్తగా ఉంటుంది, తేమను బయటకు వదులుతుంది, రేపు ఎవరైనా దీన్ని తీయాలన్నా తీయగలరు. ఒక రాయిలో పాత ఇనుప కడ్డీ తుప్పుపట్టి ఉబ్బి, రాయిని లోపలి నుంచి పగలగొట్టింది. దాని స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ వచ్చింది. పెద్ద పిల్లలు పక్కన నిలబడి గచ్చు కలపడం నేర్చుకున్నారు, తడి గోనెగుడ్డలు కప్పి ఆరకుండా చూసుకోవడం వాళ్లకే అప్పగించాం. రెండు సిమెంట్ అతుకుల జోలికి వెళ్లలేదు. తీస్తే రాయే పోతుంది.

వాలంటీర్లు, కుటుంబాలు

మొదట్లో వచ్చినవాళ్లలో సగానికి పైగా కొద్ది వారాల్లోనే తగ్గిపోయారు. ఇందులో బాధపడాల్సింది లేదని నా అభిప్రాయం. పరీక్షలుంటాయి, ఉద్యోగాలుంటాయి. ఒక్కసారే వచ్చినవాళ్లు నింపిన ఫారాలు కూడా అక్కడే ఉన్నాయి, ఇప్పటికీ పనికొస్తున్నాయి. రాయి కడిగి వెళ్లిపోయిన మనిషి పని మళ్లీ నాచు పట్టేవరకే ఉంటుంది. ఫారం నింపిన మనిషి పని అలా చెరిగిపోదు. నిలిచిన కొద్దిమందిలో ఒక్కొక్కరికి ఒక్కో గడి బాధ్యత ఇచ్చాం. ఆ గడిలో ఏ రాయిని ముట్టాలన్నా ముందు వాళ్లను అడగాలి. నేను కూడా అడిగాను. లండన్‌లో 1839లో మొదలైన హైగేట్ శ్మశానవాటిక శిథిలమవుతున్న కాలంలో 1975లో ఏర్పడిన మిత్రుల సంఘమే దాన్ని నిలబెట్టింది, ఇప్పటికీ వాలంటీర్లు అక్కడ ముఖ్యమైన భాగం. పేరుకు సాయానికి పిలిచి నిర్ణయాలు ఇంకెవరో చేస్తే ఎవరూ అన్నేళ్లు ఉండరు.

ఒక కుటుంబం తమ పూర్వీకుల పాలరాయిని పాలిష్ పట్టించి కొత్తగా అక్షరాలు చెక్కించాలని వచ్చింది. వాళ్ల ప్రేమను కాదనలేం. కానీ పాలిష్ అంటే పై పొర గీకేయడమే. ఆ గడి బాధ్యత చూసే అమ్మాయి తన ఫైలు తెరిచి, ఆర్‌టీఐలో తేలిన అక్షరాలను వాళ్లకు చూపించింది. పాత రాయిని అలాగే ఉంచి, పాఠమంతా ఉన్న చిన్న ఫలకాన్ని సమాధికి దూరంగా, విడిగా నేలలో పెట్టడానికి వాళ్లు ఒప్పుకున్నారు. ఈ పరిష్కారం నాకు తట్టలేదు, ఆ అమ్మాయికే తట్టింది.

ప్రస్తుత స్థితి

వార్షికోత్సవం జరిగింది. తెల్లటి రాళ్ల బదులు గోడ నిండా పటం, ఫారాలు, ఫోటోలు పెట్టారు. రికార్డు మూడు చోట్ల భద్రంగా ఉంది: కమిటీ దగ్గర కాగితం మీద, గ్రంథాలయంలో ఒక ప్రతి, వాలంటీర్ల దగ్గర డిజిటల్‌గా. చివరగా కట్టిన సమాధుల్లో బతికున్న బంధువుల పేర్లు ఉన్నవాటిని బహిరంగంగా పెట్టలేదు. ఏటా ప్రతి గడిలో కొన్ని రాళ్లను అదే కోణంలో మళ్లీ ఫోటో తీసి పాతదానితో పోల్చే పని మొదలైంది.

తాడు కట్టిన రాళ్లలో కొన్ని ఇంకా తాడు లోపలే ఉన్నాయి, డబ్బు సమకూరాలి. రిజిస్టర్‌లో ఉండి నేల మీద ఏ గుర్తూ లేని సమాధులు కూడా ఉన్నాయి. వాటిని తవ్వి చూసే ప్రశ్నే లేదు, ఇనుప చువ్వ దింపి వెతకడం కూడా వద్దన్నాం. జత లేని చిన్న రాళ్లను బట్టి చూస్తే కాలిబాటలో కొంత భాగం సమాధుల మీదుగా వెళుతోంది. బాటను పక్కకు జరపమని కమిటీకి ఉత్తరం రాసింది వాలంటీర్లే, పటం జత చేసి, ఒక్కో రాయి నంబర్ చూపించి. కమిటీ ఒప్పుకుంది. కొత్త బాట గుర్తుల కోసం మేకులు దిగగొట్టే పని మొన్న వాన తగ్గాక మొదలైంది, ఏ మేకు ఎక్కడ పడాలో ఆయా గడుల పిల్లలే చూపిస్తున్నారు.